నైరుతి మూల చేపల గుంత

మా మేనత్త పోయిందన్న కబురు నేను పనిలో ఉండగా వచ్చింది. ఖమ్మంలో ఒక చిన్న ఆసుపత్రిలో రక్తపరీక్షలు చేయడం నా ఉద్యోగం. ఆ ఉదయం శాంపిళ్లు మిషన్‌లో పెడుతుంటే కొత్తగూడెం నుంచి అత్త పక్కింటి భాభీ ఫోన్ చేసింది.

"అమ్మా, మీ అత్త లేదమ్మా. పొద్దుగాల చాయ్ తీస్కొని పోయిన. చేపల కాడ కుర్చీల కూసోనుంది. రెండుసార్లు పిలిచిన. పలకలే."

చేతి తొడుగులు తీసేసి, పక్కనున్న అమ్మాయికి పని అప్పజెప్పి బస్టాండుకు వెళ్లాను. బస్సు కదిలేలోపల ఇంకో మూడు ఫోన్లు వచ్చాయి. మూడోది మామ తరఫు బంధువు ఒకాయన. ఏడుపు గొంతుతోనే అన్నాడు, "చెప్తనే ఉన్నం గదమ్మా. నైరుతి గుంత. ఆఖరికి తీస్కపోయింది."

అత్తను కుర్చీలోంచి మంచం మీదికి చేర్చారో లేదో నాకింకా తెలియదు. కారణం మాత్రం అప్పటికే తేలిపోయింది.

ఈ నాలుగు మాటలు రాయడానికి కూర్చున్నది అందుకే. మా అత్తకు డెబ్బై ఒక్కేళ్లు. గుండె ఆగి పోయింది. ఆమెను ఏ గుంతా తీసుకుపోలేదు. ఇది చదివితే మా చుట్టాల్లో కొందరికి కోపం వస్తుంది. రానివ్వండి. అత్త ఉన్నప్పుడూ వచ్చేది.

ఆమె గురించి ముందుగా చెప్పాల్సింది ఒకటుంది. మా తాత బొగ్గుగనిలో పనిచేసేవాడు. చూపు మందగించి ఇక గనిలోకి దిగలేడని తేలేసరికి మా నాన్నకు పదేళ్లు. తండ్రి ఉద్యోగం అందుకునే వయసు ఆ ఇంట్లో అత్త ఒక్కదానికే ఉంది. ఆడపిల్లను గని మీదికి పంపుతారా అని వాడకట్టు వాడకట్టంతా అడిగింది. అత్త జడ బిగించి కట్టుకుని వెళ్లిపోయింది. గనిలోకి దిగేవాళ్లకు టోపీ దీపాలు ఇచ్చి, పైకొచ్చాక తిరిగి తీసుకునే ల్యాంప్ రూములో రిటైరయ్యేదాకా పనిచేసింది. మా నాన్న చదువు ఆ జీతంతోనే సాగింది. ఆమె పెళ్లి ఆలస్యమైంది. పిల్లలు కలగలేదు. దానికీ ఏవో కారణాలు చెప్పినవాళ్లున్నారు. అప్పటికి గుంత లేదు కాబట్టి వేరేవి చెప్పారు.

మామ గనిలో పంపు ఆపరేటర్. ఇద్దరూ రిటైరయ్యాక క్వార్టర్ ఖాళీ చేసి, ఊరి చివర అడవి మొదలయ్యే వైపు కట్టుకున్న చిన్న ఇంట్లో చేరారు. మా అమ్మానాన్నలు కారేపల్లిలో ఉంటారు. నేను ల్యాబ్ కోర్సు చదవడానికి అత్త దగ్గరికి వచ్చిన ఏడే ఈ చేపల కథ మొదలైంది.

ఆ దీపావళికి ముందు అత్త పన్ను పీకించుకోవడానికి వెళ్లింది. ఆ పళ్ల డాక్టరు క్లినిక్ ఎత్తేసి వేరే ఊరు పోతున్నాడు. వెయిటింగ్ గదిలోని గాజు తొట్టిలో నాలుగు గోల్డ్‌ఫిష్‌లు ఉన్నాయి, ఎవరైనా తీసుకుపొమ్మన్నాడట. అందరూ మొహాలు చూసుకున్నారు. సాయంత్రం అత్త ఒక చెంప వాచి, నోట్లో దూదితో, చేతిలో నీళ్ల కవరు పట్టుకుని ఆటో దిగింది. మామ గేటు తీస్తూ "పన్నేది?" అన్నాడు.

అత్త దూదిని పక్కకు జరిపి, "పన్నిచ్చి ఇవి తెచ్చిన" అంది.

బట్టలు నానబెట్టే సిమెంటు తొట్టిలో వాటిని వదిలింది. రెండు నెలలు బాగానే తిరిగాయి. పుష్యమాసం చలి దిగింది. మా ఊరి చలి ఎంతని మీరు నవ్వవచ్చు. ఎండలకు మాడిపోయే ఊరని పేరు పడ్డ చోట చలికాలం గురించి బెంగ పెట్టుకునే మనిషి బహుశా అత్త ఒక్కతే. కానీ అడవి పక్కన తెల్లవారుజామున మంచు పొగలా దిగుతుంది. ఆ లోతు లేని తొట్టిలో నీళ్లు రాత్రికి జిల్లుమనేలా చల్లబడి, మధ్యాహ్నానికి వేడెక్కి, మళ్లీ చల్లబడేవి. చేపలు అడుగున ఒక మూలకు చేరి కదలకుండా నిలబడ్డాయి. వేసిన మేత అట్లాగే నానిపోతోంది.

ఒక పొద్దున అత్త మార్కెట్టుకు పోయినప్పుడు మామకు జాలి కలిగింది. స్నానానికి కాగిన నీళ్లు ఒక బకెట్టెడు తెచ్చి తొట్టిలో పోశాడు. అత్త వచ్చేసరికి రెండు చేపలు వెల్లకిలా తేలుతున్నాయి. మామ అరుగు మీద తల పట్టుకుని కూర్చున్నాడు.

"వణుకుతున్నయేమో అనుకున్ననే."

అత్త తిట్టలేదు. చచ్చిన రెండింటినీ జామచెట్టు మొదట్లో పాతిపెట్టి, చేతులు కడుక్కుని నా దగ్గరికి వచ్చింది. "ఆ ఫోన్ల సూడు బిడ్డా. సలికి చేపలేం జేస్తయో, మనమేం జెయ్యాల్నో అంతా సదువు. నేను రాస్కుంట."

నేను చదివాను, ఆమె నా పాత రికార్డు పుస్తకం వెనక పేజీల్లో రాసుకుంది. మంచు గడ్డకట్టే దేశాల్లో కూడా వీటిని పెరటి గుంతల్లోనే బతికిస్తారని తెలిసి ఆశ్చర్యపోయింది. లోతు ఉండాలి. పైన నీళ్లు ఎంత చల్లబడ్డా అడుగున పెద్దగా మారకూడదు. పగలు ఎండ తగలాలి. చలికి వాటి అరుగుదల మందగిస్తుంది కాబట్టి మేత తగ్గించాలి. "అంటే మనం ప్రేమగా పెట్టిందే వాటికి విషమన్నట్టు" అని పెన్ను ఆపి కాసేపు తొట్టి వైపు చూసింది.

మర్నాడు ముగ్గుపిండి డబ్బా పట్టుకుని పెరట్లోకి దిగింది. గంట గంటకూ ఇంటి నీడ ఎక్కడిదాకా వచ్చిందో అక్కడ గీత గీసింది. సాయంత్రానికి మా పెరడు ఎవరికీ అర్థంకాని గీతలతో నిండిపోయింది. గీత పడని చోటు ఒక్కటే మిగిలింది, నైరుతి మూల. అక్కడే గుంత అని తేల్చేసింది.

మేస్త్రీ వచ్చి చూసి చేతులు కట్టుకున్నాడు. "అమ్మా, అది నైరుతి. ఆడ బరువుండాలె. గుంత తవ్వొద్దు."

"ఎండ ఏడుంటే గుంత ఆడనే."

"నా చేతుల మీద చెయ్యనమ్మా. నాకు పిల్లలున్నరు."

"సరే, నీ పిల్లలు సల్లగుండాలె. ఆ గడ్డపార ఈడ పెట్టి పో, రేపిస్త."

గడ్డపార రేపు కాదు, రెండు వారాల తర్వాత తిరిగి వెళ్లింది. అత్త, మామ, నేను కలిసి నడుములోతు తవ్వాం. అరచేతులు పొక్కులెక్కి నేను ప్రాక్టికల్స్‌లో సూది పట్టుకోలేకపోయాను. గనిలో నీళ్లతోనే బతికిన మామ చుక్క కారకుండా సిమెంటు పూత పూశాడు. బకెట్టు వేడినీళ్ల పాపం అట్లా కడుక్కున్నాడని అత్త ఏడిపించేది. మిగిలిన రెండు చేపలకు ఇంకో నాలుగు తోడొచ్చాయి. తర్వాత వాటికవే పెరిగాయి.

చలికాలంలో ఆమె రోజు ఎట్లా గడిచేదో నాకు కళ్లకు కట్టినట్టుంది. గుంత మీద వేసవి నీడ కోసం పెంచిన బీరపాదు పందిరిని కార్తీకం పోగానే విప్పేసేది. పొద్దున్నే మామ పాత స్వెట్టర్, మంకీ క్యాప్ వేసుకుని వచ్చి, రాత్రి కురిసిన బొగ్గుమసి నీళ్ల మీద పొరలా కట్టి ఉంటే, పాత న్యూస్‌పేపరు ఒకటి మెల్లగా నీళ్ల మీద పరిచి, రెండు చివర్లు పట్టుకుని ఎత్తేది. మసి మొత్తం కాగితానికి అంటుకుని వచ్చేసేది. మేత మాత్రం పన్నెండింటి ఎండలోనే. అదీ పొట్టు తీసి ఉడికించిన నాలుగు బఠాణీలు చిదిమి వేసేది. అవి పైకొచ్చి అడిగితేనే. రాకపోతే ఆ బఠాణీలు తన నోట్లో వేసుకునేది.

"ఎండకు చేప పైకొచ్చి నోరు తెరుస్తది. దాని కష్టం మనకు తెలుస్తది" అనేది. "సలికి సప్పుడు చెయ్యదు. సప్పుడు చెయ్యనోళ్లనే సూస్కోవాలె."

ఒక ఏడు ఆమె వల్ల కూడా పొరపాటు జరిగింది. నీళ్లు తగ్గాయని బోరు పైపు నేరుగా గుంతలో పెట్టింది. చలికాలం పొద్దున బోరు నీళ్లు గోరువెచ్చగా ఉంటాయి. ఆ తేడాకు మూడు చేపలు పోయాయి. పరామర్శకు వచ్చినట్టు వచ్చి, శనివారం పోయాయా, అమావాస్య దగ్గరలోనా అని అడిగినవాళ్లకు అత్త ఒకటే చెప్పింది. "నా తప్పు. నీళ్లు నిలవబెట్టి పొయ్యాలె. నేను బద్ధకానికి పైపు పెట్టిన." తన తప్పు తనదని ఒప్పుకోవడంలో ఆమెకు ఒక రకమైన పొగరు ఉండేది. దాన్ని శనికి గానీ గుంతకు గానీ పంచేది కాదు.

గుంత తవ్విన రెండో చలికాలంలో మామకు పక్షవాతం వచ్చింది. కుడి కాలు, కుడి చెయ్యి పడిపోయాయి. మాట ముద్దయింది. దవాఖానా నుంచి ఇంటికి తెచ్చిన వారానికే వేంసూరు నుంచి మామ వాళ్ల అన్న వచ్చాడు. వెంట ఒక వాస్తు పండితుడు, పారలు పట్టుకున్న ఇద్దరు కూలీలు ఉన్నారు. నేను వరండాలో మామకు జావ తాగిస్తున్నాను.

పండితుడు దిక్సూచి అరచేతిలో పెట్టుకుని పెరడంతా తిరిగి, గుంత దగ్గర ఆగి తల అడ్డంగా ఊపాడు. "నైరుతిలో నీళ్ల గుంట ఉంటే ఇంటి యజమానికి గండం. ఇంత చదువుకున్నవాళ్లు ఎట్లా చేశారో."

మామ అన్న కూలీలకు సైగ చేశాడు. అత్త కొంగు నడుముకు చెక్కి వాళ్లకు అడ్డం నిలబడింది.

"అయ్యా, ఇంటి యజమాని అంటే ఎవరు? కాగితాల మీద పేరున్నోళ్లే గద?"

"అవునమ్మా."

"కాగితాలు నా పేరు మీదున్నయి. గండం నాకు రావాలె. ఆయనకెందుకొచ్చింది?"

పండితుడు దిక్సూచి మూసి, "భర్తకు వచ్చినా భార్యకు వచ్చినట్టేనమ్మా" అన్నాడు.

"అట్లయితే భార్య చెప్పినా భర్త చెప్పినట్టే. పొండ్రి."

మామ అన్న మంచివాడే. తమ్ముడి పరిస్థితి చూసి భయపడిపోయి ఉన్నాడు. ఆ భయంలోనే కేకలు వేశాడు. "నువ్వు లోపలికి పో అమ్మా. నా తమ్ముడి ప్రాణం కంటే నీకు చేపలెక్కువా?"

అత్త చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని గుంతలోకి దిగింది. నడుములోతు నీళ్లు, పుష్యమాసపు పొద్దు. ఆమె పళ్లు టకటకా కొట్టుకోవడం నాకు వరండాలోకి వినిపించింది.

"నింపుండ్రి బావా. నన్ను గలుపుకొని నింపుండ్రి. ఆయన్ను లేపి కూసోబెట్టుటానికి, కడుగుటానికి, తినిపిచ్చుటానికి రేపట్నుంచి ఎవరొస్తరో గది గూడ చెప్పి నింపుండ్రి."

కూలీలు పారలు దించారు. నా చేతిలోని గిన్నెను మామ ఎడమ చేత్తో పక్కకు నెట్టాడు. మూతి ఒక పక్కకు లాక్కుపోతుండగా, దవాఖానా నుంచి వచ్చాక మొదటిసారి ఒక మాట పూర్తిగా పలికాడు.

"ఉం... డ... నీ."

వాళ్ల అన్న దగ్గరికొచ్చి తమ్ముడి మంచం పట్టీ పట్టుకుని ఏడ్చాడు. సాయంత్రం బస్సుకు వెళ్లిపోయారు. అత్తకు వారం రోజులు జ్వరం. ఆ జ్వరంలోనే మామకు రోజూ స్నానం చేయించింది.

ఆ తర్వాత మామ ఆరేళ్లు బతికాడు. పెరట్లో చలికాలం ఎక్కువసేపు ఎండ ఉండేది ఆ నైరుతి మూలే కాబట్టి, అత్త రోజూ ఆయన్ను చక్రాల కుర్చీలో గుంత పక్కకు తెచ్చి, వీపు ఎండకు తిప్పి కూర్చోబెట్టేది. పడిపోయిన చేతికి నూనె రాసి వేళ్లు ఒక్కొక్కటీ వంచి చాపేది. రెండో ఏడు చివరికి ఆయన బఠాణీ పొట్టు తీయగలిగాడు. ఒక్క గింజకు అయిదు నిమిషాలు పట్టేది. అత్త ఎంతసేపైనా ఆగేది, చేపలూ ఆగేవి.

మామ పోయాక ఒకరోజు నేనన్నాను, "గుంత వల్లే పక్షవాతం వచ్చిందన్నోళ్లు, గుంత వల్లే ఆరేండ్లు బతికిండని ఎందుకనలేదత్తా?"

ఆమె నా వైపు తిరిగి కోపంగానే అంది. "నువ్వు గూడ గట్ల అనకు. గుంత ఏం జేసింది? నీళ్లున్నయి, చేపలున్నయి, గంతే. చేసింది నేను. నా నడుమడుగు, చెప్తది."

నాకు ఆమెలో అన్నిటికన్నా నచ్చింది అదే. తనను నిందించే అబద్ధాన్ని ఎట్లా ఒప్పుకోలేదో, తనను మెచ్చుకునే అబద్ధాన్నీ అట్లాగే ఒప్పుకోలేదు. నేను మొదటి ఉద్యోగంలో రిపోర్టు ఒకటి మార్చి రాయమని ఒత్తిడి వచ్చి, రాయనని చెప్పి బయటికి వచ్చేసినప్పుడు, ఇంట్లో అందరూ నెమ్మదిగా నడుచుకోవాల్సిందన్నారు. అత్త అన్నం పెట్టి, "పెరుగు పోస్కో" అంది. అంతే. ఇంకో ఉద్యోగం దొరికేదాకా ఒక్కసారి కూడా ఆ సంగతి ఎత్తలేదు.

ఇప్పుడు మళ్లీ ఈ చలికాలానికి వస్తాను. అత్త తన ఇంటిని తమ్ముడి పేరున, అంటే మా నాన్న పేరున రాసిపోయింది. పదకొండో రోజు పొద్దున, వంటవాళ్లు పొయ్యిలు రాజేస్తుండగా, గేటు ముందు ట్రాక్టరు ఆగింది. నిండా మొరం. మామ తరఫు వాళ్లు పంపారేమో అనుకుని నేను బయటికి వెళ్లాను.

"ఎవరు తెమ్మన్నరు?" అన్నాను డ్రైవరుతో.

వెనక నుంచి నాన్న గొంతు. "నేనే."

నేను తిరిగి చూశాను. నాన్న గుండు చేయించుకుని, పంచె కట్టుకుని నిలబడి ఉన్నాడు. పదిరోజుల్లో పదేళ్లు పెరిగినట్టు ఉన్నాడు.

"ఎందుకు నాన్నా?"

"మా అక్క దాన్ని సూస్కుంటనే పోయింది. అది నాకు కనపడొద్దు. రేపు కిరాయికొచ్చేటోళ్లు గూడ నైరుతి గుంతుంటే రారు. అందరు చెప్తున్నరు గద."

"అందరు పదేండ్ల సంది చెప్తున్నరు. అత్త విన్నదా?"

"అందుకే పోయిందంటున్నరు."

"డెబ్బై ఒక్కేండ్లకు, ఎండల కూసొని, చాయ్ కోసం ఎదురుచూస్కుంట పోయింది నాన్నా. ఆ సావుకేం తక్కువైంది?"

అప్పటికి బంధువులు వరండాలోకి చేరారు. పెద్దవాళ్ల మధ్య నీకేంటి అని ఒకామె అంది. నేను వినలేదు. నాన్న చెయ్యి పట్టుకున్నాను, చల్లగా ఉంది.

"ఇప్పుడవి అడుగున ఉన్నయి. మొద్దుగ కనపడుతయి గానీ బతికున్నయి. ఈ సలికి వేరే నీళ్లల్ల ఏస్తే చస్తయి. వాటి మీద మట్టి పోస్తవా? పదేండ్లు నీకు అన్నం పెట్టిన చేతుల్తోటి అత్త తవ్విన గుంత అది. పొయ్యాలంటే నువ్వే పారపట్టి పొయ్యి. కూలోళ్లతోని పోయించకు."

ట్రాక్టరు డ్రైవరు ఇంజన్ ఆపకుండానే తల బయటికి పెట్టాడు. "పొయ్యాల్నా వద్దా? జల్దీ చెప్పుండ్రి, ఇంకో ట్రిప్పుంది."

నాన్న గేటు దాటి ట్రాక్టరు దగ్గరికి వెళ్లాడు. తర్వాత, "రోడ్డు మీద గుంతలున్నయి గదా" అన్నాడు. "వాటిల్ల పొయ్యి."

మా గల్లీలో వానాకాలం నుంచీ స్కూటర్లు పడిపోతున్న గుంత ఒకటుంది. మొరం అంతా అందులోకి పోయింది. బంధువుల్లో ఇద్దరు భోజనం చేయకుండా వెళ్లిపోయారు. నేను ఆపలేదు. ఈ ఇల్లు కిరాయికి ఇవ్వడం లేదని ఆ మధ్యాహ్నమే అందరి ముందూ చెప్పాను. నేనే ఉంటాను. పొద్దున రైలుకు ఖమ్మం పోయి సాయంత్రం వస్తాను, కష్టమైతే కొత్తగూడెంలోనే పని చూసుకుంటాను. పెళ్లికాని పిల్ల నైరుతి గుంత ఉన్న ఇంట్లో ఒక్కతే ఉంటుందా అని అడిగారు. ఉంటుంది.

అమ్మ కారేపల్లికి వెళ్లింది. నాన్న ఆ రాత్రికి ఆగాడు.

తెల్లారి నేను లేచేసరికి ఆయన మంచం మీద లేడు. తలుపు తీసి చూస్తే పెరట్లో మంచు ఇంకా విడలేదు. నాన్న గుండుకు మఫ్లర్ చుట్టుకుని గుంత అంచున గొంతుక్కూర్చుని ఉన్నాడు. చేతిలో పొడుగు కర్రకు కట్టిన వల. అవతలి టేకు చెట్లనుంచి రాత్రంతా రాలిన ఆకులు నీళ్లను కప్పేశాయి.

"అడుగుకు ముంచకు నాన్నా. పైపైన తియ్యి."

"తెల్సు" అన్నాడు వెనక్కి తిరక్కుండానే. "అక్క తీస్తుంటే గేటు కాణ్నుంచి సూసెటోణ్ని."

పళ్లెమంత ఆకును ఒకదాన్ని వలతో ఎత్తి, నీళ్లు కారిపోయేదాకా గుంత మీదనే పట్టుకుని, ఆ తర్వాత జాగ్రత్తగా తీసి గోడ మీద పరిచాడు. దాని పక్కన ఇంకొకటి. మంచు పలచబడి మొదటి ఎండ గోడ మీదికి వచ్చేసరికి అవి ఆ చివరిదాకా వరుసగా ఉన్నాయి, అంచుల నుంచి బొట్లు బొట్లుగా నీళ్లు కారుతూ.